నారింజ నూనె పోసిన ట్యాంకు

ప్లాస్టిక్ ట్యాంకుల దుకాణంలో కోడలు కూర్చోవడం మొదలుపెట్టాక కొనేవాళ్ళకు కొత్త చిక్కు వచ్చిపడింది. అంతకుముందు మామగారి హయాంలో బేరం సాఫీగా సాగిపోయేది. వచ్చినవాళ్ళు ఎంత పెద్దది కావాలో చెప్పేవారు. మామగారు వాళ్ళను ఆవరణలోకి తీసుకెళ్ళి, ఒక ట్యాంకు ముందు నిలబెట్టి, వేలికున్న ఉంగరంతో దాని మీద టకటకా కొట్టి, "ఇది నా తర్వాత కూడా ఉంటుంది" అనేవారు. అంతటితో బేరం కుదిరిపోయేది.

కోడలి పద్ధతి వేరు. ఎంత పెద్దదని అడగడానికి ముందే "ఏం పోస్తారు?" అని అడిగేది. నీళ్ళంటే సరే. నీళ్ళు కాదన్నారంటే ఇక వాళ్ళను కదలనిచ్చేది కాదు. అది ఎంత ఘాటుది, వేడిగా పోస్తారా, చల్లార్చి పోస్తారా, ట్యాంకు ఎండలో ఉంటుందా, నీడలోనా, ఎన్నాళ్ళు నిల్వ ఉంచుతారు అంటూ ఒకదాని వెనక ఒకటి అడుగుతూనే ఉండేది. పిల్లనివ్వడానికి కూడా ఇన్ని ఆరాలు తీయరని ఒక పెద్దమనిషి విసుక్కున్నాడు. చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో ఆమెకు "ఏం పోస్తారమ్మ" అని పేరు పడిపోయింది. ఆమె పట్టించుకోలేదు గానీ, మామగారికి మాత్రం చిన్నతనంగా ఉండేది.

పెళ్ళికి ముందు ఆమె ఒక రంగుల కంపెనీ ల్యాబులో పనిచేసింది. ఏ డబ్బాలో ఏది పోస్తే ఏమవుతుందో చూడటమే అక్కడ ఆమె పని. ప్లాస్టిక్ ముక్కలను రకరకాల ద్రావణాల్లో ముంచి, కొన్నాళ్ళ తర్వాత బయటకు తీసి, తూచి, వంచి, గోటితో గీకి చూసేది. మామగారికి మోకాలి ఆపరేషన్ జరిగినప్పుడు నాలుగు రోజులు చూసుకుందామని దుకాణానికి వచ్చింది. మోకాలు బాగుపడింది. మామగారూ తిరిగి వచ్చేశారు. కోడలు మాత్రం వెళ్ళలేదు. భర్త వ్యానులో సరుకు చేరవేస్తూ ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి దుకాణంలో రోజంతా వీళ్ళిద్దరే. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమే. పని దగ్గర మాత్రం క్షణం పడేది కాదు.

రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, స్టీలు ట్యాంకుల దుకాణం ఉంది. దాని యజమాని మామగారికి స్వయానా బావమరిది, అత్తగారి తమ్ముడు. కోడలు ఆయనను బాబాయిగారని పిలిచేది. ఒకప్పుడు ఇద్దరూ కలిసే వ్యాపారం చేశారు. ఒకే కప్పు కింద సగం స్టీలు, సగం ప్లాస్టిక్. కొత్త బోర్డు రాయించేటప్పుడు పైన స్టీలని రాయాలా, ప్లాస్టిక్కని రాయాలా అన్న దగ్గర మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి ఎడమొహం పెడమొహమే. ఒకరికి ఏదైనా చెప్పాల్సి వస్తే అత్తగారితో చెప్పేవారు. ఆవిడ రోడ్డు దాటి రెండోవాళ్ళకు చెప్పి, జవాబు పట్టుకుని తిరిగొచ్చేది. మధ్యలో తనకు నచ్చని ముక్కలు తీసేసి, నచ్చినవి కలిపేది కూడా.

అలా ఉండగా ఒకరోజు కోడలు పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. ఆ పూటే దుకాణానికి నారింజ డ్రైవరు వచ్చాడు.

ఆయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. ఉద్యోగం అయిపోయాక ఊరికే కూర్చోలేక, మెకానిక్కులు చేతుల జిడ్డు వదిలించుకునే ద్రావకం ఒకటి తయారుచేయడం మొదలుపెట్టాడు. అందులో అసలు సరుకు నారింజ తొక్కల నూనె. ఎంత మొండి గ్రీజైనా దానితో రుద్దితే ఇట్టే వదిలిపోతుంది, పైగా చేతులు ఘుమఘుమలాడతాయి. గ్యారేజీల్లో ఆయన సరుకు చకచకా అమ్ముడుపోతోంది. జ్యూస్ ఫ్యాక్టరీలో నూనె చవగ్గా దొరికిందని ఒకేసారి ఏడాదికి సరిపడా కొనేశాడు. అది వచ్చిన ఇనుప డ్రమ్ములను ఫ్యాక్టరీకి తిరిగి ఇచ్చేయాలి. కింద కుళాయి ఉన్న ట్యాంకైతే సీసాలు నింపుకోవడానికి హాయిగా ఉంటుందని ఇక్కడికి వచ్చాడు.

పాపం, ఆయన అడగనే అడిగాడు, ఇందులో నారింజ నూనె పోయొచ్చా అని. మామగారు నవ్వేశారు. పిల్లలు తినే పండు, దాని నూనెకు భయమేమిటన్నారు. ఉంగరంతో టకటకా కొట్టారు. సాయంత్రానికల్లా వెయ్యి లీటర్ల ట్యాంకు డ్రైవరు ఇంటికి చేరింది. కోడలు బుగ్గ వాచి తిరిగొచ్చి, ఏమైనా అమ్ముడుపోయాయా అని సైగ చేసి అడిగితే, ఒకటి పోయిందని మాత్రం చెప్పారు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం డ్రైవరు మళ్ళీ వచ్చాడు. కుళాయి దగ్గర కొంచెం చెమ్మ ఊరుతోందట, కొత్త వాషరు కావాలట. పాతది నమూనాకని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే పెట్టెలో ఉన్న కొత్త వాషరు కంటే అది దాదాపు రెండింతలు ఉంది. మెత్తగా, ఉబ్బిపోయి, బెల్లంపాకంలో ఊరినట్టుంది. కోడలు దాన్ని వేళ్ళ మధ్య నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుంది. దుకాణమంతా నారింజ వాసన.

"అన్నయ్యగారూ, ఏం పోశారు?" అంది.

నారింజ నూనె అని చెప్పి, ఇది కుళాయి దగ్గర అదనంగా వేసిన వాషరనీ, తీసేసినా ధార కారడంలేదు కాబట్టి పెద్ద భయమేమీ లేదనీ డ్రైవరు ధైర్యం చెప్పాడు. ట్యాంకు మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నాడు. తెచ్చినప్పటికంటే కాస్త ఒళ్ళు కూడా చేసిందనీ, నడుం దగ్గర చక్కగా బొజ్జ వచ్చిందనీ ముచ్చటగా చెప్పాడు. మామగారు అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు కప్పు వైపు చూడటం మొదలుపెట్టారు.

కోడలు వాషరును బల్ల మీద పెట్టేసి లేచింది. ట్యాంకు ఎక్కడ పెట్టారని అడిగింది. మేడ మీద రేకుల గదిలో అన్నాడు. కింద ఏముందని అడిగింది. కింద తన చెల్లెలి దర్జీ కొట్టు ఉందనీ, బడి పిల్లల యూనిఫారాలు కుడుతోందనీ చెప్పాడు.

ఆ రోజు భర్తకు ఊళ్ళు తిరిగే పని లేక వ్యాను దుకాణం దగ్గరే ఉంది, ముగ్గురూ అందులో డ్రైవరు ఇంటికి బయలుదేరారు. దారిలో వ్యాను నడుపుతూ ఆమె డ్రైవరుకు అర్థమయ్యేలా చెప్పింది. ఈ ప్లాస్టిక్కుకు నీళ్ళు పరాయివాళ్ళ లాంటివి. గుమ్మం దాటి లోపలికి రానివ్వదు. నారింజ నూనె దానికి దగ్గరి చుట్టం. రెండూ ఒకే వంశం. చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టలేక గోడలోపలికి పిలిచి కూర్చోబెడుతుంది. వచ్చినకొద్దీ సర్దుకుంటుంది, సర్దుకుంటూ ఉబ్బుతుంది, ఉబ్బుతూ మెత్తబడుతుంది. రేకుల గదిలో వేడికి ఆ పని ఇంకా తొందరగా అవుతుంది.

"మరి వెనక్కి పంపేయలేమా, ఆ చుట్టాన్ని?" అన్నాడు డ్రైవరు.

"ముందు ఇల్లు కూలకుండా చూద్దాం."

మామగారు వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నారు. ఎండకు కూడా అలా అవుతుందేమో అని ఒకసారి గొణిగారు. 

మేడమెట్లు ఎక్కుతుంటేనే వాసన కమ్మేసింది. గదిలో ట్యాంకు నడుం దగ్గర ఉబ్బి, కుళాయి వైపు కొంచెం ఒరిగి నిలబడి ఉంది. కోడలు గోడను బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. కుళాయి బిగించిన చోట ప్లాస్టిక్ పలచగా సాగి, గాలి తీసిన బంతిలా ముడతలు పడింది. లోపల ముప్పాతిక వంతు నూనె ఉంది.

మామగారు ముందుకొచ్చి, అలవాటుగా ఉంగరంతో కొట్టబోయారు. కోడలు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. మామూలప్పుడైతే ఆయన ఒంటికాలి మీద లేచేవారే. ఇప్పుడు చెయ్యి విడిపించుకోకుండా, ఆ బొటనవేలి గుంటనే చూస్తూ నిలబడ్డారు.

"నేనే అమ్మానమ్మా" అన్నారు చివరికి. "అతను అడిగాడు కూడా. నేనే పరవాలేదన్నాను."

 ఇన్నాళ్ళూ కోడలు ఈ మాట కోసమే ఆయనతో వాదించింది. తీరా ఆయన నోట విన్నాక ఆమెకు ఏమాత్రం సంతోషం కలగలేదు. ఆ సంగతి తర్వాత చూద్దాం, ముందు నూనె ఖాళీ చేయాలి అని మాట మార్చింది.

కుళాయిని ముట్టుకుంటే ఊడి చేతికి వస్తుంది కాబట్టి పైనుంచే తోడాలి. నారింజ నూనె నిప్పంటుకునే సరుకు, కాబట్టి కరెంటు మోటారు పనికిరాదు. కింద దర్జీ చెల్లెలితో ఇస్త్రీపెట్టె ఆపించి, మెయిన్ స్విచ్ కట్టేయించి, కుట్టిన యూనిఫారాలన్నీ ఎదురింటి వరండాలోకి చేరవేయించింది. ఆ చెల్లెలు ఎందుకని ఒక్కమాట అడగలేదు. తన అన్న తెచ్చిపెట్టే ఉపద్రవాలకు ఆమె ఎప్పుడో అలవాటుపడిపోయింది.

చేతిపంపు దుకాణంలో ఉంది. పొడవాటి పైపూ ఉంది. అది కూడా ప్లాస్టిక్కే అయినా అరగంట పనికి దానికేమీ కాదని, పనయ్యాక పారేద్దామని కోడలు చెప్పింది. ఇక తోడింది పోయడానికి స్టీలు ట్యాంకు కావాలి. ఆ మాట వచ్చేసరికి కోడలూ, డ్రైవరూ మామగారి వైపు చూశారు.

అత్తయ్యకు ఫోన్ చేస్తాను, ఆవిడే వాళ్ళ తమ్ముడితో మాట్లాడుతుంది అంది కోడలు. మామగారు వద్దన్నారు. అది రోడ్డు దాటి, వాడు కాఫీ ఇస్తే తాగి, కబుర్లన్నీ అయ్యాక అసలు సంగతి చెప్పేసరికి ఈ గది కాస్తా నారింజ చెరువైపోతుందన్నారు.

వ్యాను వేసుకుని తిరిగొచ్చి, తమ దుకాణం ముందు ఆపి, మామగారు దిగారు. ఏళ్ళ తరబడి దాటని ఆ రోడ్డును లారీలు చూసుకుని నెమ్మదిగా దాటారు. వెనకే కోడలు. స్టీలు దుకాణంలో బాబాయిగారు ఒక ట్యాంకు మూతకు మెరుగు పెడుతున్నారు. బావను చూసి గుడ్డ పక్కన పెట్టారు. ఇద్దరూ మూడడుగుల దూరంలో నిలబడ్డారు. ఒకరేమో గోడ గడియారం చూస్తున్నారు, ఇంకొకరు చెప్పులు చూసుకుంటున్నారు.

"అమ్మాయ్, ఇక్కడ స్టీలు ట్యాంకు ఏదైనా ఖాళీగా ఉందేమో అడుగు" అన్నారు మామగారు.

"అమ్మాయ్, ఎంత పెద్దది కావాలో మీ మామగారిని అడుగు" అన్నారు బాబాయిగారు.

కోడలికి నవ్వూ, కోపం రెండూ వచ్చాయి. అత్తగారు ఇన్నేళ్ళుగా చేస్తున్న కొలువు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ అడగడాలేవో తానే అడిగి, తానే జవాబు చెప్పి, జరిగిందంతా రెండు ముక్కల్లో వివరించింది. బాబాయిగారు దెప్పిపొడుస్తారేమో అనుకుంది. ఆయన అదేమీ చేయలేదు. నారింజ నూనె అనగానే కళ్ళద్దాలు సవరించుకుని, లోపలికి వెళ్ళి, చక్రాల బండి మీద మెరిసిపోతున్న ట్యాంకును తోసుకుంటూ వచ్చారు. తనూ వ్యాను ఎక్కారు. బావాబావమరుదులు వెనక సీట్లో చెరో కిటికీ పక్కనా కూర్చున్నారు.

స్టీలు ట్యాంకును దర్జీ కొట్టు వెనక పెరట్లో నిలబెట్టారు. పైపును మేడ మీది కిటికీలోంచి కిందికి వదిలారు. పైన ట్యాంకు దగ్గర మామగారు, డ్రైవరు. కింద పైపు చివర పట్టుకుని బాబాయిగారు. కోడలు కిటికీలో. చేతిపంపుతో నాలుగుసార్లు లాగితే చాలు, ఒకసారి ధార కిందికి అందుకుందంటే ఆ తర్వాత నూనె తనంతట తానే దిగుతుందని ఆమె లెక్క. డ్రైవరు లాగాడు. పైపులో పసుపుపచ్చని నూనె ఎక్కి, కిటికీ గట్టు దాటి, సర్రున కిందికి జారింది.

కింద ధార పడుతోందో లేదో పైవాళ్ళకు కనపడదు. మామగారు కోడలి వైపు చూశారు, కనుక్కో అన్నట్టు. ఆమె కావాలనే చీరకొంగు సర్దుకోవడంలో మునిగిపోయింది. మామగారు కాసేపు తటపటాయించారు. తర్వాత కిటికీ దగ్గరకు వచ్చి తల బయటపెట్టారు.

"వస్తోందా?"

"వస్తోంది బావా" అంది కింది గొంతు.

"పట్టు జారనివ్వకు."

"నువ్వు పైన చూసుకో. మోకాలు ఎలా ఉంది?"

మోకాలు ఎలా ఉందో మామగారు కిటికీలోంచి పెరట్లోకి వివరించడం మొదలుపెట్టారు. డాక్టరు సంగతి, మందుల సంగతి, మెట్లు ఎక్కేటప్పుడు కలుక్కుమనే సంగతి. బాబాయిగారికి వెన్నునొప్పట. అది ఇటునుంచి అటు వెళ్ళింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు నువ్వు పంపిన పళ్ళు తిన్నానన్నారు మామగారు. నేను పళ్ళు పంపలేదు, నేనే వచ్చి వార్డు బయట కూర్చుని వెళ్ళాను, ఆ సంగతి చెప్పమని అక్కతో అన్నాను కదా అన్నారు బాబాయిగారు.  పైపులో నూనె గలగలా దిగుతోంది.

"మీ అక్క పళ్ళనే చెప్పింది" అన్నారు మామగారు.

అరగంట గడిచేసరికి ట్యాంకు బొజ్జ తగ్గి, జారిన పంచెలా కుంగిపోయింది. అడుగున కొంచెం నూనె మిగిలింది. ఇక భయం లేదని డ్రైవరు సంబరపడి, దాన్ని పక్కకు జరుపుదామని ఒక చెయ్యి వేశాడు. కుళాయి, దాని చుట్టూ అరచేతంత గోడతో సహా, ఊడి ఆయన కాళ్ళ దగ్గర పడింది. మిగిలిన నూనె మామగారి చెప్పుల మీదుగా గదంతా పారింది. ఆయన గంతు వేయబోయి, మోకాలు గుర్తొచ్చి మానుకున్నారు. నేల పగుల్లోంచి నాలుగు చుక్కలు కింద కత్తిరింపు బల్ల మీద పడ్డాయి. ఎన్నాళ్ళనుంచో వదలని కుట్టుమిషను నూనె మరక ఒకటి అక్కడ శుభ్రంగా వదిలిపోయిందని దర్జీ చెల్లెలు తర్వాత చెప్పింది.

మర్నాడు పొద్దున మామగారి రబ్బరు చెప్పులు రెండూ ముందు భాగం పైకి లేచి, పడవల్లా ఒంపు తిరిగి ఉన్నాయి. కుడిది ఎడమదానికంటే పెద్దదైంది. అత్తగారు వాటిని గుమ్మం పక్కన చూసి, ఎవరివని అడిగింది. ఆవిడకు అప్పటికే ఒళ్ళు మండి ఉంది. తమ్ముడూ, మొగుడూ తన ప్రమేయం లేకుండా మాట్లాడుకోవడం ఒకటైతే, పళ్ళ సంగతి బయటపడటం ఇంకొకటి. వార్డు బయట కూర్చున్నాడని చెబితే ఈయన లేచి వెళ్ళి కొట్లాడతారేమోనని భయపడ్డానని ఆవిడ సమర్థించుకుంది. పళ్ళు మాత్రం తన సొంత డబ్బుతో కొన్నానంది.

ఆ హడావుడి సద్దుమణుగుతున్న సమయంలో డ్రైవరు ఫోన్ చేశాడు. ఫోన్ మామగారు ఎత్తారు. స్టీలు ట్యాంకు కుళాయి దగ్గర చెమ్మ ఊరుతోందట.

కోడలు నమ్మలేదు. స్టీలును నారింజ నూనె ఏమీ చేయలేదు, ఆ సంగతి ఆమె కంఠతా చెప్పగలదు. డ్రైవరు ఇంటికి బాబాయిగారు కూడా వచ్చి, నూనెను నాలుగు స్టీలు డ్రమ్ముల్లోకి దించి, కుళాయి విప్పి చూశారు. లోపల నల్ల రబ్బరు వాషరు. రాత్రికి రాత్రే ఉబ్బి, సగం బయటకు తోసుకొచ్చి, నాలుక చాపినట్టుంది.

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఉబ్బిన వాషరును తన చేత్తో నొక్కి, వాసన చూసి, దాని వల్లే ఈ కథంతా కనిపెట్టింది. అయినా కొత్త ట్యాంకు తెచ్చేటప్పుడు గోడల సంగతే చూసింది గానీ, అందులో రబ్బరు ఎక్కడుందని చూడలేదు. ల్యాబులో ఎప్పుడూ ప్లాస్టిక్ ముక్కలే ముంచింది. వాషర్లు ముంచింది లేదు.

మామగారు ఏమైనా అంటారని ఎదురుచూసింది. ఆయనకు అనాలనే ఉంది. మొహం చూస్తేనే తెలుస్తోంది, లోపల నవ్వు పొంగుతోంది. దాన్ని బలవంతాన అదిమిపెట్టి, ఆయన బావమరిది వైపు తిరిగారు.

"దీనికేం వేస్తే ఆగుతుందిరా?"

తెల్లటి టెఫ్లాన్ వాషరుంటుంది, దాని జోలికి ఏదీ పోదు అన్నారు బాబాయిగారు. తనకూ తట్టలేదనీ, స్టీలు అన్న ధీమాతో తనూ చూడలేదనీ ఒప్పుకున్నారు. మధ్యాహ్నానికి తెల్ల వాషరు బిగించారు. ఈసారి ముగ్గురూ అరగంట సేపు కుళాయి చుట్టూ చతికిలబడి, చెమ్మ ఊరుతుందేమోనని కళ్ళార్పకుండా చూశారు. ఊరలేదు. ఆ తర్వాత కూడా ఊరలేదు. నారింజ డ్రైవరు సీసాలు మళ్ళీ గ్యారేజీలకు వెళ్ళాయి.

చిరిగిన ప్లాస్టిక్ ట్యాంకును మామగారు వదిలేయలేదు. బొటనవేలి గుంట ఉన్న భాగాన్ని కోయించి తెచ్చి, బల్ల మీద పెట్టుకున్నారు. నూనె ఆరిపోయాక అది కొంచెం గట్టిపడింది గానీ, ఆకారం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు నీళ్ళు కాకుండా ఇంకేదైనా పోస్తామని ఎవరైనా వస్తే చాలు, ఆయన వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి ఆ ముక్కను చేతికిచ్చి మొత్తం చెబుతారు. చెప్పినకొద్దీ ట్యాంకు పెద్దదవుతోంది. మొదట్లో వెయ్యి లీటర్లు. ఈమధ్య ఐదువేలకు చేరింది. బొజ్జ తలుపులోంచి బయటకు వచ్చేసిందట. బాబాయిగారు రోజూ కాఫీ వేళకు రోడ్డు దాటి వస్తారు. వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, అంత లేదు బావా, నేను కిందే ఉన్నాను కదా అని సరిచేస్తారు. సరిచేస్తూ తన పైపు పట్టుకున్న ఘట్టం మాత్రం కాస్త పెంచుతారు. అత్తగారు కాఫీ తెచ్చి, ఇద్దరినీ తోసి మధ్యలో కూర్చుంటుంది.

అలా ఒకరోజు బ్లీచింగ్ ద్రావకం పోసుకోవడానికి ట్యాంకు కావాలని లాండ్రీ ఆవిడ వచ్చింది. కోడలు బల్ల దగ్గరకు వచ్చేసరికే ఆ ఇద్దరూ ఆవిడను మధ్యలో కూర్చోబెట్టుకుని, కథ చెబుతూ కిటికీలోంచి పైపు వేసిన చోటు దాకా వచ్చేశారు. ఎంత ఘాటు, ఎండా నీడా, వాషరు ఏది అన్నవన్నీ అప్పటికే అడిగేసినట్టున్నారు. ఆమె ఒక నిమిషం నిలబడి వింది. తనకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. బయట భర్త వ్యాను హారన్ కొడుతున్నాడు, సరుకు దించాలి. ఆమె చీరకొంగు బిగించుకుని అటు నడిచింది.